గట్టు దారి, ఘాట్ రోడ్డు

రంపచోడవరం నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు సాగే ఘాట్ రోడ్డు ఇవాళ విహారయాత్రికులకు ప్రాణం. మలుపు మలుపుకీ బండి ఆపి, గట్ల మీద పాకుతున్న మబ్బును ఫొటో తీసుకుంటారు. ఆ గట్ల మీద ఎవరు నడిచారో, ఈ రోడ్డు లాంటి రోడ్లు మన్యంలోకి ఏ పని మీద వచ్చాయో ఆ ఫొటోలు చెప్పవు. పాఠ్యపుస్తకాలు కూడా రంప ఫితూరీలను, అంటే కొండ జనం తిరుగుబాట్లను, ఒక వీరుడి కథగా చెప్పి ఊరుకుంటాయి. ఆ వీరుడి గొప్పదనం మీద నాకు సందేహం లేదు. నేను చెప్పదలచింది వేరే సంగతి. ఫితూరీలను పుట్టించింది అన్యాయం. వాటిని నెలలూ ఏళ్లూ నిలబెట్టింది మాత్రం కొండ వెన్ను మీది కాలిబాటలు, ముసురులోనూ ఆ బాటల మీద తోడుగా నడిచిన మనుషుల మధ్య నమ్మకం. తెల్లదొరల ప్రభుత్వం ఈ సంగతి మన చరిత్రకారుల కన్నా ముందే గ్రహించింది. అందుకే మన్యంలో రోడ్డు మొదట సౌకర్యంగా రాలేదు, అదుపుగా వచ్చింది.

నేల తీరు చూస్తే ఈ మాట తేలిగ్గా బోధపడుతుంది. తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఒకే గోడగా నిలబడవు, తెగి తెగి ఉంటాయి. పాపికొండల దగ్గర గోదావరి వాటిని చీల్చుకుని మైదానంలోకి వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా రంప, గూడెం కొండలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు సాగిపోతాయి. జూన్‌లో నైరుతి వానలు మొదలవుతాయి. అవి వెనుదిరిగాయనుకునే వేళకు అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం తుఫాన్లు వచ్చిపడతాయి. అంటే ఏడాదిలో దాదాపు సగం ఇక్కడ ఆకాశాన్ని నమ్మడానికి లేదు. పొద్దున చుక్క నీరు లేని వాగు మధ్యాహ్నానికి మనిషి నడుము దాటి పారుతుంది. లోయ దారిన వెళ్లేవాడు ప్రతి వాగు దగ్గరా నీళ్లు తగ్గేదాకా ఆగాలి. గట్టు వెన్ను మీద వెళ్లేవాడికి ఆ బాధ లేదు. వాన నీరు అటూ ఇటూ చీలిపోయే చోటే గట్టు, కాబట్టి అక్కడ దాటవలసిన వాగే ఉండదు. అలాగని అది సుఖమైన నడక కాదు. నాచు పట్టిన బండ మీద కాలు జారుతుంది. మంచు కమ్మితే ముందు నడిచేవాడి వీపు తప్ప మరేమీ కనిపించదు. కొన్ని చోట్ల వేరు పట్టుకుని, రాయి పట్టుకుని చేతులతో పైకి పాకాలి. దారి తెలిసిన మనిషి తోడు లేకుండా కొత్తవాడు ఆ పని చెయ్యలేడు. కొండరెడ్లకు, కోయలకు మాత్రం పోడు సేద్యానికి వెళ్లినా, జీలుగు చెట్టు గీయడానికి వెళ్లినా, కావడి భుజాన వేసుకుని సంతకు వెళ్లినా రోజూ తొక్కే దారి అదే.

1879 మార్చిలో మొదలైన ఫితూరీకి ఆ జీలుగు చెట్టే నిప్పురవ్వ. వేసవిలో గింజలు నిండుకున్నప్పుడు కొండ జనం కడుపు నింపేది కల్లే. ఆ కొండల మీద పెత్తనం చేసే మన్సబుదారు అప్పటికే చిగురుపన్ను పేరుతో కల్లు మీద పన్ను పిండుతున్నాడు. దానికి తోడు మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నేరం చేసి, ఆ హక్కును గుత్తేదార్ల చేతిలో పెట్టాయి. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకుల వెంట జనం కదిలారు. మంట గూడెం ప్రాంతానికీ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. అణచడానికి వచ్చిన బలగాల జాబితాను జాగ్రత్తగా చదవాలి. పోలీసులు, మద్రాసు పదాతి దళాలు, గుర్రపు దళం, హైదరాబాదు కంటింజెంటు సైనికులతో పాటు రెండు కంపెనీల సాపర్స్ అండ్ మైనర్స్ కూడా అందులో ఉన్నారు. సాపర్ల పని దారులు తెరవడం, వంతెనలు కట్టడం. కల్లు పన్ను తగవుకు దారులు తెరిచేవాళ్లను పిలిపించారంటే, ఎదుటివాడి బలం ఎక్కడుందో సర్కారుకు తెలిసిందనే అర్థం. సిపాయిలకు ఇంకో శత్రువు మన్యపు జ్వరం. దోమ ద్వారా మలేరియా సోకుతుందని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ నిరూపణకు దారి వేసింది 1897లో. 1879 నాటి సిపాయికి మాత్రం అది కొండ గాలిలోనే ఉన్న విషం.

ఆ తరవాతి నలభై ఏళ్లలో 1882 అటవీ చట్టం పోడును పట్టి బిగించింది, రోడ్లు కొండెక్కసాగాయి. 1922లో గూడెం వైపు రాజుకున్న కోపంలో ఈ రెండూ ఉన్నాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసే రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ జనాన్ని బలవంతంగా తోలి, కూలి సరిగా ఇవ్వలేదన్నది ఆనాటి ప్రధాన ఫిర్యాదు. తమను అదుపు చెయ్యడానికి వేసే దారిని తమ చేతులతోనే, కడుపు మాడ్చుకుని వెయ్యాలి. మైదానం నుంచి వచ్చిన అల్లూరి సీతారామరాజుకు గాం గంటందొర, మల్లుదొర సోదరులు తోడయ్యారు. నాయకత్వం రాజుది, కొండ ఎరుక వారిది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరసగా మూడు రోజుల్లో వారి చేతికి చిక్కి, 26 తుపాకులు దక్కాయి. చింతపల్లి కొండ పైన, కృష్ణదేవిపేట కొండ కింద. నడివానాకాలంలో ఎక్కి దిగి ఈ వేగం సాధించడం గట్టు దారి తెలియనివాడికి సాధ్యమయ్యే పని కాదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది ఇంకా స్పష్టమైన సాక్ష్యం. ఇరుకు దారిలో పోలీసు దళం ఒకరి వెనక ఒకరుగా ఎక్కుతోంది. పైన పొంచి ఉన్నవాళ్లు ముందు నడిచే దేశీ పోలీసులను కదపకుండా పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చి చంపారు. కింది దారి మొత్తం పైనుంచి కనబడాలి, కిందివాడికి పైన ఏమీ కనబడకూడదు. గట్టు వాళ్లకిచ్చిన అనుకూలం అదే.

దీనికి మొదటి అభ్యంతరం గట్టిదే. అడవినీ వాననూ జ్వరాన్నీ పెద్దవి చేసి రాసినవాళ్లు ఓడిపోతున్న అధికారులు, తమ చేతకానితనాన్ని కొండ మీదకు నెట్టడం వాళ్లకు అవసరం, అలాంటి రాతలను ఎలా నమ్ముతామని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కాబట్టి వాళ్లు రాసినదాన్ని పక్కనబెట్టి చేసినదాన్ని చూద్దాం. మామూలు పోలీసులతో పని జరగక మలబారు నుంచి ప్రత్యేక పోలీసులను తెచ్చారు. అదీ చాలక 1924 జనవరిలో దేశం రెండో కొస నుంచి అస్సాం రైఫిల్స్‌ను దింపారు. అది కొండ యుద్ధంలో ఆరితేరిన పటాలం. కొండ నడక తెలిసినవాణ్ణి పట్టడానికి ఇంకో కొండ మనిషే కావలసి వచ్చాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు ప్రాణాలు తీశారు. నివేదికలో సాకు రాసుకోవచ్చు గాని, సాకు కోసం ఎవరూ పటాలాలను అంత దూరం నుంచి రప్పించరు.

రెండో అభ్యంతరం: వాన ఇద్దరి మీదా కురుస్తుంది కదా, గట్టు అంత అండ అయితే ఫితూరీలు ఎందుకు ఓడాయి? నిజమే. కొండ ఎవరినీ తిరగబడమని చెప్పదు, ఎవరికీ గెలుపు రాసివ్వదు. వానలు వెనుదిరిగాక 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర తిరుగుబాటుదార్లకు పెద్ద దెబ్బ తగలడం గమనించదగ్గదే గాని, ఆ ఒక్కదాన్ని పట్టుకుని రుతువే తీర్పు చెప్పిందనడం అతి. వాళ్లను చివరికి లొంగదీసింది ఆకలి. ఊళ్ల మీద పడిన కాపలా, తిండి అందించేవారిపై వేసిన శిక్షలు గట్టుకూ ఊరికీ మధ్య బంధాన్ని తెంచాయి. ఇది నా వాదాన్ని కాదనడం లేదు, దాన్ని పూర్తి చేస్తోంది. దారి అంటే రాయీ మట్టీ మాత్రమే కాదు. పైన నడిచేవాడికి కింద జావ కాచి పెట్టే ఇల్లు, పోలీసులు ఎటు వెళ్లారో చెప్పే పశువుల కాపరి కూడా దారిలో భాగమే. తోడు తెగిన రోజు గట్టు ఉత్త బండగా మిగిలింది.

ఇక మూడో మాట నేటిది, అన్నిటికన్నా బరువైనది. కాలిబాటలను ఇంత పొగిడితే రోడ్డు వద్దన్నట్టు కాదా? కొండ మీది ఊళ్లలో నిండు గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. వెదురు కర్రకు దుప్పటి ముడివేసి, ఇద్దరు భుజాన వేసుకుని, జారే వాలులో అడుగు తడుముకుంటూ రోడ్డు దాకా దించుతారు. ఆ దృశ్యం ముందు గట్టు నడక సొగసు గురించి మాట్లాడటం పాపం. రోడ్డు కావాలి. ఆసుపత్రికి, బడికి, చింతపండు మంచి ధరకు అమ్ముకోవడానికి కావాలి. 1922లోనూ కొండ జనం తగవు రోడ్డు అనే వస్తువుతో కాదు. ఎవరి కోసం, ఎవరి మాట మీద, ఎవరి చెమటతో అన్నదే వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు దొరకడానికి ఎనభై నాలుగేళ్లు పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు, బడి, వైద్యశాల వంటి పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా కేటాయించవచ్చు. సీతారామరాజు పేరును 2022లో జిల్లాకు పెట్టుకున్నాం, మంచిదే. ఆయనకు దారి చూపినవాళ్ల వారసులు గ్రామసభలో కూర్చుని, డోలీ దిగే వాలు ఎక్కడుందో, వానకు తెగే వాగు ఏదో చెప్పి, రోడ్డు ఎటు పోవాలో తామే గీసిన రోజున ఆ పేరు పెట్టుకున్నందుకు అర్థం ఉంటుంది. గట్టు ఎరుక ఇంకా వాళ్ల దగ్గరే ఉంది, అడగవలసింది మనమే.