అలికిన చేతుల పేర్లు

అనంతపురం ప్రాంతంలో గోడ బొమ్మల చరిత్ర అనగానే అందరూ లేపాక్షి పేరు చెబుతారు. 2022 దాకా మా జిల్లాలోనే ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన ఊరది. పదహారో శతాబ్దంలో, విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలంలో, అక్కడి వీరభద్రాలయం పైకప్పుకి సున్నపు పూత పూసి, ఎర్రమన్ను, పసుపుమన్ను, మసి నలుపు, సున్నపు తెలుపు రంగులతో పార్వతీ కల్యాణాన్నీ కిరాతార్జునీయాన్నీ చిత్రించారు. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళు కట్టిన చీరల గళ్ళూ, చారలూ, లతలూ మన నేత చీరల్లోకీ అద్దకాల్లోకీ వచ్చాయి. గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణల రూపాలు కూడా అక్కడే ఉన్నాయి. బొమ్మలు వేసిన వాళ్ళ పేర్లు మాత్రం మనకు దక్కలేదు.

అదే ఎర్రమన్ను, అదే సున్నం పల్లెల్లో ఆడవాళ్ళ చేతుల్లోనూ ఉన్నాయి. పండగ వస్తోందంటే ఇల్లు అలికి, గోడకి సున్నం కొట్టి, అడుగున ఎర్రమన్ను పట్టీ తీర్చి, దాని మీద ముగ్గులు పెట్టేది వాళ్ళే. లేపాక్షి పని కళాచరిత్ర అయింది. ఇది ఇంటిపని అయింది. ఒకటి రాతి కప్పు కింద నిలిచింది, రెండోది వానకి కరిగి మళ్ళీ పండక్కి పుట్టింది. ఈ తేడా మన్నికకు సంబంధించినదేనా? కాదని చెప్పడానికి మూడు గోడల కథలు చాలు.

మొదటిది మెక్సికోలో. అక్కడి విప్లవం తర్వాత ప్రభుత్వం గోడలు చాలావరకు డియెగో రివేరా, సికేరోస్ వంటి మగ చిత్రకారుల చేతికి వెళ్ళాయి. 1936లో అవురోరా రెయెస్ మెక్సికో నగరంలోని ఒక బడి గోడ మీద బొమ్మ వేసింది. ఒక పల్లెటూరి పంతులమ్మని ఒకడు జుట్టు పట్టి ఈడుస్తుంటాడు, ఇంకొకడు తుపాకీ మడమతో కొడుతుంటాడు. పిల్లలు చాటు నుంచి చూస్తుంటారు. మతంతో సంబంధం లేని చదువు చెబుతున్నందుకు ఆ రోజుల్లో పల్లె టీచర్ల మీద నిజంగానే దాడులు జరిగేవి. రెయెస్ తనూ టీచరే. ఆ దేశంలో మొదటి మహిళా కుడ్యచిత్రకారిణిగా ఆమెను చెప్పుకుంటారు.

రెండోది రాకుండా పోయిన గోడ. 1945లో మరియా ఇస్కియెర్దోకి మెక్సికో నగర ప్రభుత్వ భవనంలో పెద్ద చిత్రం వేసే ఒప్పందం దొరికింది. ఆమెకు తడి సున్నం మీద పనిచేసిన అనుభవం లేదని రివేరా, సికేరోస్ అభ్యంతరం చెప్పారు. ఒప్పందం రద్దయింది. గోడ ఇస్తేనే కదా అనుభవం వచ్చేది!

మూడోది మనకు దగ్గరది. 1966లో బీహార్‌లో కరువు వచ్చినప్పుడు, పుపుల్ జయకర్ చొరవతో భాస్కర్ కులకర్ణి మధుబని వెళ్ళి, ఇళ్ళ గోడల మీద బొమ్మలు వేసే ఆడవాళ్ళ చేతికి కాగితం ఇచ్చాడు. కరువు పుణ్యమా అని ఆ ఆడవాళ్ళకి పేర్లు వచ్చాయి. 1975లో జగదంబా దేవికి, ఆ తర్వాత సీతాదేవికి, 1984లో గంగాదేవికి పద్మశ్రీలు వచ్చాయి. క్యాన్సర్‌తో బాధపడుతూ కూడా గంగాదేవి ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఒక గది గోడల నిండా కోహ్‌బర్ చిత్రించింది. 1991లో ఆమె పోయింది. 2015లో మ్యూజియం మరమ్మతుల పేరుతో ఆ గోడల్నే లేకుండా చేశారు. పేరు వచ్చినా గోడ నిలవలేదన్నమాట.

మరి కరువుకి పేరుమోసిన మా సీమలో? కొన్నేళ్ళ కిందట రాప్తాడు మండలంలోని ఒక ఊరి ప్రాథమిక బడికి పెద్ద గోడ బొమ్మ వెయ్యడానికి స్నేహితురాళ్ళం నలుగురం వెళ్ళాం. ముప్పై అడుగుల గోడ. అప్పటికే బళ్ళకి రంగుల కళ వచ్చింది. బడి భవనమే పాఠం కావాలని వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయి ప్రచారం చేసిన పద్ధతిలో తలుపు తిరిగే చోట నేల మీద కోణమాని గీయడం లాంటివి చాలా రాష్ట్రాలకు పాకాయి. 2019లో మొదలైన నాడు-నేడు పథకంలో బడికి రంగులు వెయ్యడం ఒక పద్దుగా ఉండేది. కానీ నేను చూసిన చాలా గోడల మీద నాయకులందరూ మగవాళ్ళే. ఆడమనిషి అంటే సరస్వతీదేవో, భరతమాతో, వంటింటి అమ్మో.

మేము ఊరి ఆడవాళ్ళని పిలిస్తే, "మాకు బొమ్మలేసేది యాడొస్తాదమ్మా, ముగ్గులైతే ఏస్తాం గానీ" అన్నారు. కానీ కాగితం మీది చిన్న బొమ్మని గోడంత పెంచాలంటే చిత్రకారులు చేసేది గళ్ళు కొట్టడం. కాగితం మీద గడి, గోడ మీద గడి, ఒక్కో గడిలో ఉన్న గీతని దాని గడిలోకి ఎత్తడం. చుక్కల ముగ్గు అంతకన్నా వేరా? ఇరవై ఒక్క చుక్కలు కొలత తప్పకుండా పెట్టి, ఎక్కడ మెలి తిప్పితే గీత మళ్ళీ మొదటికొస్తుందో బుర్రలో లెక్కగట్టే మనిషికి గళ్ళు కొత్త కాదు. మేము దారం పట్టుకుని కొలుచుకునే లోపల వాళ్ళు కంటి కొలతతోనే చుక్కలు పెట్టేశారు.

పిల్లల కంటి ఎత్తులో వేరుశనగ చెట్టు వేశాం, భూమిలో కాయలు కనిపించేలా. పక్కన కాయలు వలిచే ఆడవాళ్ళు, సైకిల్ మీద వచ్చే టీచరమ్మ. అసలు చిక్కు చివర్లో వచ్చింది. బొమ్మ కింద మా నలుగురి పేర్లూ, డబ్బిచ్చిన దాత పేరూ రాయమన్నారు. చుక్కలు పెట్టిన తొమ్మిది మంది పేర్లూ రాద్దామంటే, "ఆడోళ్ళ పేర్లు గోడ మీదెందుకు?" అన్నాడొక పెద్దాయన. ఖర్చుల కాగితంలోనూ అంతే. పెయింటరుకి కూలి ఉంది, వీళ్ళకి లేదు. చేనుకి పోకుండా వచ్చిన రెండు రోజుల కూలి ఎవరి ఖాతాలో పోయినట్టు? గట్టిగా అడిగితే గానీ ఆ కూలీ రాలేదు, గోడ మీద ఆ పేర్లూ పడలేదు.

ప్రభుత్వం మారితే బడి రంగు మారుతుంది. ఆ గోడకీ ఒకనాడు కొత్త పూత పడుతుంది. దాన్ని ఆపడం మన చేతిలో లేదు. ముగ్గు చెరగడం ముగ్గుకి అవమానం కాదు, రేపు మళ్ళీ వేస్తారు. వేసిన మనిషిని లెక్కలో లేకుండా చెయ్యడమే అవమానం. కళాచరిత్ర రాసేవాళ్ళలో, బడుల మీద పరిశోధన చేసేవాళ్ళలో మనమూ చాలామందిమి ఉన్నాం. రంగుల గోడ కనిపించినప్పుడు ఫోటో తీసుకుని వచ్చెయ్యకుండా, అలికిందెవరు, చుక్క పెట్టిందెవరు, వాళ్ళకి కూలి ముట్టిందా అని అడిగి రాసుకుందాం. లేపాక్షి విషయంలో ఆ అవకాశం మనకు లేకుండా పోయింది. మన కాలపు గోడల విషయంలో ఇంకా ఉంది.