హైదరాబాదు క్లోరోఫారము పరిశోధనలు - పసిపిల్లల టాన్సిలు చికిత్స

టాన్సిలు శస్త్రచికిత్స చూచుటకు చిన్నదియే గాని మత్తు నిచ్చు వైద్యునకు కఠినమైనది. ఊపిరి సాగు త్రోవయు, కత్తి పోవు త్రోవయు నొక్కటియే. రక్తము స్రవించునదియు నచ్చటనే. రోగియా, భయపడిన పసిబిడ్డ. ఏ మత్తు క్షేమకరమను ప్రశ్నను పరిశోధించిన నగరములలో హైదరాబాదునకు విశిష్టస్థానము కలదు.

1847 నవంబరులో ఎడింబరో వైద్యుడు సింప్సను క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. మరుసటి జనవరిలోనే, కాలిగోరు తీయుటకై దానిని పీల్చిన హానా గ్రీనరను పదునైదేండ్ల బాలిక ఇంగ్లండులో మరణించెను. గుండె ముందాగునా, ఊపిరి ముందాగునా యను వివాద మంతట చెలరేగెను. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రోత్సాహముతో 1888లో మొదటి సంఘమును, 1889లో రెండవ సంఘమును నడపెను. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటను వచ్చెను. అందులకు నిజాము వేయి పౌనుల నొసగెను. ఊపిరియే ముందాగును గాన నాడిని గాక శ్వాసను కనిపెట్టవలెనని సంఘములు తేల్చెను. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యులలో నొకరుగా పేరొందెను.

అయితే ఆ తీర్పు సంపూర్ణసత్యము కాదు. తేలిక మత్తులో నున్నపుడు ఎడ్రినలిను తోడైనచో గుండె లయతప్పి హఠాత్తుగా నిలిచిపోవునని 1911లో గుడ్మన్ లీవీ నిరూపించెను. భయముచే దేహమున ఎడ్రినలిను పెరుగును. కావున బెదరిన బిడ్డకు తేలికగా నిచ్చిన క్లోరోఫారమే మిక్కిలి ప్రమాదకరము. కాలక్రమమున నది తొలగిపోయెను. నేడు సెవోఫ్లూరేను, ప్రొపొఫాలు వాడుకలో నున్నవి. శ్వాసనాళమున గొట్టము నమర్చి ఊపిరిని కాపాడుదురు.

చికిత్సానంతర బాధానివారణమునను ఇట్టి పాఠమే కలదు. కోడీను కాలేయమున మార్ఫీనుగా మారును. కొందరు పిల్లలలో ఆ మార్పు మిక్కిలి వేగముగా జరిగి ఊపిరి నిలిచిపోయెను. అందుచే 2013లో అమెరికా ఔషధసంస్థ టాన్సిలు చికిత్స పిమ్మట బిడ్డలకు కోడీను కూడదని శాసించెను. ఇప్పుడు బరువునుబట్టి పారసిటమాలు, వైద్యుని సలహాపై ఐబుప్రొఫెను ఇత్తురు. శస్త్రచికిత్స వేళ నిచ్చు డెక్సామెథాసోను వాంతులను, నొప్పిని తగ్గించును.

లారీ సిద్ధాంతము సగము వీగిపోయినను, శ్వాసను కనిపెట్టుడను హెచ్చరిక మాత్రము నిలిచినది. హైదరాబాదున నైనను బెంగుళూరున నైనను, చికిత్స ముగిసి యిల్లు చేరిన బిడ్డ నిద్రించునపుడు తల్లిదండ్రులు గమనింపవలసిన దదియే.