బొబ్బిలి తరువాత ఏమైంది?

మన సాంస్కృతిక సభలలో పిల్లలు ప్రదర్శించే ఏకపాత్రలలో తాండ్ర పాపారాయుడికి ఎప్పుడూ ఒక స్థానం ఉంటుంది. అట్టకత్తి పట్టుకొని, తలపాగా సర్దుకొని ఒక బాలుడు వేదిక ఎక్కుతాడు. శత్రువు గుడారంలోకి దూకి పగ తీర్చుకుంటాడు. తెర పడుతుంది, చప్పట్లు మ్రోగుతాయి. క్రిందటి ఉగాదినాడు అలా తెర పడిన తరువాత, ముందు వరుసలో కూర్చున్న ఒక పాప "తరువాత ఏమైంది?" అని అడిగింది. పెద్దలమైన మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మాకు తెలిసిన కథ అక్కడితోనే ముగుస్తుంది మరి.

ఆ పాపకు చెప్పవలసిన సమాధానమే ఈ వ్యాసం. బొబ్బిలి యుద్ధం జరిగి రెండేళ్లు నిండకముందే చందుర్తిలో ఒక యుద్ధం, 37 ఏళ్లకు పద్మనాభంలో మరొక యుద్ధం జరిగాయి. మూడింటిలోనూ విజయనగర సంస్థానానికి పాత్ర ఉంది. మూడింటినీ ఒక వరుసలో పెట్టి చదివితే, తెలుగువారి తూర్పు తీరం ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి ఎలా వెళ్లిందో తెలుస్తుంది. మొదటిదానిని మాత్రమే చెప్పుకుంటే, మనకు మిగిలేది ఒక పగ కథ.

సర్కారులు ఎవరివి?

ముందుగా ఒక మాట. ఇక్కడ మనం చెప్పుకొనే విజయనగరం శ్రీకృష్ణదేవరాయలు ఏలిన హంపీ విజయనగరం కాదు. ఇది ఉత్తరాంధ్రలోని విజయనగరం, పూసపాటి వంశీయుల సంస్థానం. దానికి 60 కిలోమీటర్ల లోపు దూరంలోనే బొబ్బిలి సంస్థానం ఉండేది. ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. చిన్నదైనా బొబ్బిలివారు తలవంచని ప్రభువులని పేరు పొందారు.

ఆ కాలంలో కోస్తా ప్రాంతాన్ని "సర్కారులు" అనే పేరుతో విభజించి పాలించేవారు. అవి పేరుకు హైదరాబాదు నిజాము క్రింద ఉండేవి. నిజాము సలాబత్ జంగ్‌కు అండగా ఉన్న ఫ్రెంచి సేనాపతి బుస్సీ తన సైన్యానికి జీతాలు చెల్లించవలసి ఉన్నది. అందుకోసం 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల ఆదాయాన్ని నిజాము ఫ్రెంచివారికి అప్పగించాడు. పొలం దున్నే రైతుకు గాని, కప్పం కట్టే జమీందారుకు గాని ఈ నిర్ణయంతో ప్రమేయం లేదు. శిస్తు వసూలు చేసే చేయి మాత్రం మారింది.

బొబ్బిలి, 1757

బొబ్బిలికీ విజయనగరానికీ నడుమ వైరం పాతది. సరిహద్దు తగాదాలు ఉండేవి. వాగుల నీటిని బొబ్బిలివారు తమ పొలాలకు మళ్లించుకుంటున్నారని విజయనగరంవారి ఫిర్యాదు. గట్టు తగవులు, నీటి తగవులు మన పల్లెల్లో ఈనాటికీ క్రొత్తవి కావు. అప్పుడు క్రొత్తగా వచ్చింది ఫిరంగులున్న మూడో పక్షం.

1756 చివరలో బుస్సీ ఉత్తర సర్కారులకు వచ్చినప్పుడు విజయనగర ప్రభువు పెద్ద విజయరామరాజు అతనికి సన్నిహితుడయ్యాడు. బొబ్బిలిని తొలగించి, అక్కడి ప్రభువు రంగారావుకు వేరొకచోట భూములు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. రంగారావు అందుకు ఒప్పుకోలేదు. ఇంతలో బొబ్బిలి అడవుల మీదుగా పోతున్న ఫ్రెంచి సిపాయిల దళంపై దాడి జరిగింది. ఆ నింద రంగారావుపై పడింది. బుస్సీ సైన్యం బొబ్బిలి వైపు కదిలింది.

1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోటను చుట్టుముట్టాయి. కోట గోడలు మట్టివి. లోపలివారి చేతుల్లో కత్తులూ ఈటెలూ తుపాకులూ ఉన్నాయి గాని, ఫిరంగులకు ఎదురు నిలిచే సాధనం లేదు. అయినా దాడికి వచ్చినవారిని గంటల తరబడి అడ్డుకున్నారు. ఇక కోట నిలవదని తేలిన తరువాత జరిగినది పిల్లలకు చెప్పేటప్పుడు మన గొంతు తప్పక వణుకుతుంది. స్త్రీలూ పిల్లలూ శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలివారు ఇళ్లకు నిప్పు పెట్టారు. తమవారిని తామే చంపుకున్నారు. ఆ తరువాత రంగారావు పోరాడుతూ మరణించాడు. కోటలో ప్రవేశించిన ఫ్రెంచివారు ఆ దృశ్యం చూసి నిశ్చేష్టులయ్యారని రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు వ్రాశాడు. రంగారావు చిన్న కుమారుణ్ణి ఒక వృద్ధుడు ప్రాణాలతో బయటికి తెచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. చిన్న రంగారావు అనే ఆ బాలుణ్ణి పాఠకులు గుర్తుంచుకోవాలి. మన కథ చివరలో అతడు మళ్లీ కనిపిస్తాడు.

రంగారావు బావమరిది తాండ్ర పాపారాయుడు ఆ సమయంలో రాజాంలో ఉన్నాడు. అతనికి వార్త అందేసరికి అంతా ముగిసిపోయింది. యుద్ధం జరిగిన మూడో రాత్రి విజయరామరాజు తన గుడారంలోనే హతుడయ్యాడు. పాపారాయుడు, అతని సహచరులు పగ తీర్చుకొని, తామూ ప్రాణాలు విడిచారని మన కథ చెబుతుంది.

ఈ కథ జంగం కథగా, బుర్రకథగా ఊరూరా తిరిగింది. దిట్టకవి నారాయణకవి "రంగరాయ చరిత్రము" అనే కావ్యం వ్రాశాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు నాటకంగా మలిచారు. 1964లో వచ్చిన "బొబ్బిలి యుద్ధం" చలనచిత్రం దానిని ఇంటింటికీ చేర్చింది. ఇన్ని నోళ్లలో నిలిచిన తెలుగు యుద్ధాలు పల్నాటి యుద్ధం తప్ప మరేవీ లేవేమో. ఆ రెండూ అన్నదమ్ములవంటివారు, ఇరుగుపొరుగువారు తమలో తాము చేసుకున్న యుద్ధాలే కావడం ఆలోచించదగిన విషయం.

చందుర్తి, 1758

పెద్ద విజయరామరాజు మరణించిన తరువాత ఆనందగజపతిరాజు విజయనగర గద్దె ఎక్కాడు. ఫ్రెంచివారి ఏలుబడి అతనికి నచ్చలేదు. 1758లో ఫ్రెంచి ప్రధాన సేనాపతి లాలీ, బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. సర్కారులు కాన్‌ఫ్లాన్ అనే మరొక అధికారి చేతిలో మిగిలాయి. అదను చూసి ఆనందరాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుండి లాగుకొన్నాడు. దానిని నిలబెట్టుకొనే బలం తనకు చాలదని తెలిసి ఇంగ్లీషువారికి కబురు పంపాడు. మద్రాసు వారు తమ పట్టణాన్నే కాపాడుకోవలసిన స్థితిలో ఉన్నారు. బెంగాలులో ఉన్న క్లైవు మాత్రం వెంటనే కర్నల్ ఫోర్డును ఓడలలో పంపించాడు.

ఫోర్డు వెంట వచ్చినది సుమారు 500 మంది ఐరోపా సైనికులు, సుమారు 2,000 మంది సిపాయిలు. బెంగాలులో కంపెనీ సిపాయిలను ఆ రోజుల్లో "తిలంగా"లని పిలిచేవారు. క్లైవు మద్రాసు నుండి తీసుకువెళ్లిన తొలి సిపాయిలు దక్షిణాదివారు, అందులో తెలుగువారు ఉండడమే ఆ పేరుకు కారణం. అటు ఫ్రెంచి పక్షాన ఐరోపా సైనికులు దాదాపు అంతమందే ఉన్నా, సిపాయిలు 6,000 మంది వరకు ఉన్నారు. ఇరువైపులా తుపాకి పట్టినవారిలో అత్యధికులు ఈ దేశస్థులే.

యుద్ధానికి ముందు ఆనందరాజుకూ ఫోర్డుకూ ఒక ఒప్పందం కుదిరింది. సైన్యం ఖర్చు రాజు భరించాలి. జయించిన లోపలి ప్రాంతాలు రాజుకు చెందాలి. సముద్రపు రేవులు, నదీముఖాలలోని పట్టణాలు కంపెనీకి చెందాలి. ఈ ఒప్పందాన్ని మన పిల్లలతో కూర్చొని, పటం ముందు పెట్టుకొని చదవాలని మా కోరిక. రాజు భూమిని చూశాడు. కంపెనీ ఓడలు ఆగే చోటును చూసింది. రేవు ఎవరి చేతిలో ఉంటే సరకూ సైన్యమూ వారివే.

1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన, నేటి కాకినాడ జిల్లాలో ఉన్న చందుర్తి వద్ద రెండు సైన్యాలు తలపడ్డాయి. ఇంగ్లీషువారి చరిత్రలలో ఇది "కాండోర్ యుద్ధం". ఫోర్డు సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కొన్నారు. వారి ప్రక్కనున్న ఐరోపా దళాన్ని మనిషెత్తు పెరిగిన పైరు కప్పివేసింది. ఎర్రకోట్లు చూసి, ఐరోపా సైనికులు వీరేనని భ్రమపడిన ఫ్రెంచివారు తమ బలమంతా సిపాయిలపైకి మళ్లించారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. వారిని తరుముతూ ఫ్రెంచి దళం చెదిరిపోయిన క్షణంలో, పైరు చాటున నిలిచిన ఫోర్డు దళం ప్రక్కనుండి విరుచుకుపడింది. ఫ్రెంచివారు ఓడిపోయారు, వారి శిబిరమూ ఫిరంగులూ చేజిక్కాయి.

1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు మచిలీపట్నం కోటపై దాడి చేసి తెల్లవారేసరికి వశం చేసుకున్నాడు. లొంగిపోయినవారి సంఖ్య ముట్టడించినవారి సంఖ్య కంటే ఎక్కువ. ఫలితాన్ని చూసి నిజాము పక్షం మార్చాడు. మే నెలలో కంపెనీతో ఒడంబడిక చేసుకొని మచిలీపట్నాన్నీ చుట్టుప్రక్కల ప్రాంతాలనూ వారికి ఇచ్చాడు. 1765లో మొగలు చక్రవర్తి నుండి కంపెనీ ఉత్తర సర్కారుల ఫర్మానా పొందింది, మరుసటి ఏడు నిజామూ అంగీకరించాడు. ఆనందరాజు ఇదంతా చూడలేదు. 1760లోనే మశూచి సోకి మరణించాడు.

చందుర్తిపై బుర్రకథలను మనమెవరమూ వినలేదు. మన భాగ్యరేఖను మార్చిన యుద్ధం మాత్రం అదే.

పద్మనాభం, 1794

ఆనందరాజు తరువాత ఒక బాలుడు విజయనగర గద్దె ఎక్కాడు. గుడారంలో హతుడైన ప్రభువు పేరే అతనికీ పెట్టారు. చరిత్రలో అతణ్ణి చిన్న విజయరామరాజు అంటారు. పెరిగి పెద్దయ్యేవరకు అధికారమంతా అన్న సీతారామరాజు చేతిలో నడిచింది.

ఇంతలో కంపెనీ స్వభావం మారింది. సహాయానికి వచ్చినవారు ప్రభువులయ్యారు. "పేష్కషు", అంటే ఏటేటా కట్టే కప్పం, పెరుగుతూ పోయింది. బాకీలు లక్షలలో పేరుకున్నాయి. రాజు తన సైన్యాన్ని తగ్గించుకోవాలన్నారు. చివరకు 1793లో సంస్థానాన్నే జప్తు చేశారు. నెలకు 1,200 రూపాయల భత్యం పుచ్చుకొని విజయనగరం విడిచి దూరంగా వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించారు. కంపెనీ సైన్యం ఖర్చును ఒకనాడు తన కోశం నుండి భరించిన వంశం అది.

రాజు విజయనగరం నుండి బయలుదేరాడు గాని, సముద్రం వైపు పోయే దారిలో పద్మనాభం వద్ద ఆగిపోయాడు. అక్కడ కొండపై అనంత పద్మనాభస్వామి, కొండ దిగువన కుంతీమాధవస్వామి కొలువై ఉన్నారు. నేడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఆ క్షేత్రాన్ని మనలో కొందరు దర్శించే ఉంటారు. ఆ కొండ నీడలో రాజు విడిది చేయగా, అతణ్ణి వదలని రాచవారూ అనుచరులూ చుట్టూ నిలిచారు. ఫిరంగుల సైన్యం ముందు తాము నిలువలేమని వారికి తెలియక కాదు.

1794 జూలై 10 తెల్లవారుజామున ప్రెండర్‌గాస్ట్ అనే సేనాధికారి నాయకత్వంలో కంపెనీ దళాలు దాడి చేశాయి. పోరు గంటసేపు కూడా సాగలేదు. చిన్న విజయరామరాజు, అతనితో నిలిచిన వీరులెందరో అక్కడే ఒరిగిపోయారు.

బొబ్బిలి కోటలో కనిపించిన దృశ్యమే 37 ఏళ్లకు పద్మనాభం మైదానంలో కనిపించింది. ఈసారి గుండెల్లో గుండ్లు తగిలి పడినది విజయనగరం. ఆనాడు రంగారావును ఊరు మారి పొమ్మన్నారు, ఈనాడు విజయరామరాజును పొమ్మన్నారు. ఇద్దరి సమాధానమూ ఒకటే.

తరువాత కంపెనీ విజయనగర సంస్థానాన్ని ముక్కలు చేసి, రాజు కుమారుడు నారాయణబాబుకు కొంత భాగం మాత్రమే ఇచ్చింది. అదే సందర్భంలో బొబ్బిలిని దాని వారసుడికి తిరిగి అప్పగించింది. ఆ వారసుడు ఎవరో కాదు. మండుతున్న కోట నుండి వృద్ధుడు బయటికి తెచ్చిన చిన్న రంగారావే. 37 ఏళ్ల తరువాత తండ్రి ఏలిన నేలపై అతడు మళ్లీ ప్రభువయ్యాడు. అయితే తండ్రి వలె తలవంచని ప్రభువు కాలేదు, కంపెనీకి కప్పం కట్టే జమీందారయ్యాడు. పగబట్టిన రెండు ఇళ్లూ చివరికి ఒకే కచేరీలో శిస్తు జమ కట్టాయి.

పిల్లలకు ఏమి చెప్పాలి?

మన సంఘంలో బొబ్బిలివైపు వారూ ఉన్నారు, విజయనగరంవైపు వారూ ఉన్నారు. ఒకే పంక్తిలో ప్రసాదం స్వీకరిస్తాము. బొబ్బిలి కథ వేదిక ఎక్కిన ప్రతిసారీ ఒక పక్షం పిల్లలు వీరులవుతారు, మరొక పక్షం పిల్లలు ద్రోహులవుతారు. ఇంటికి వెళ్లే దారిలో, కారు వెనుక సీటులో కూర్చొని, "మనం చెడ్డవాళ్లమా?" అని అడిగిన పిల్లవాడు కూడా మన మధ్యనే ఉన్నాడు.

పద్మనాభం కథ తెలిసి ఉంటే ఆ పిల్లవాడికి ఆ ప్రశ్న అడగవలసిన అవసరం ఉండేది కాదు. పెద్ద విజయరామరాజు చేసిన తప్పును కప్పిపుచ్చనక్కరలేదు. పొరుగువాడి మీదికి పరాయి ఫిరంగిని పిలవడం తప్పే. ఆనందరాజు కూడా ఒక పరాయివాణ్ణి తొలగించడానికి మరొక పరాయివాణ్ణి పిలిచాడు. ఆ తప్పుకు వెల కట్టినది తరువాతి తరం. చిన్న విజయరామరాజు ఆ వెలను రంగారావు చూపిన ధైర్యంతోనే చెల్లించాడు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే పిల్లలకు చరిత్ర చెప్పినట్లు.

బొబ్బిలిలో యుద్ధ స్తంభం ఉంది. సెలవులకు మాతృదేశం వెళ్లినప్పుడు దానిని పిల్లలకు చూపించండి. అదే ప్రయాణంలో పద్మనాభం కొండ మెట్లు కూడా ఎక్కించండి. పైనుండి ఆ మైదానాన్ని చూపించి, అక్కడ ఏమి జరిగిందో చెప్పండి.

రాబోయే ఉగాదికి ఏకపాత్రకు బదులు మూడు రంగాల నాటిక వేయించాలని మేము అనుకుంటున్నాము. చివరి రంగంలో ఇద్దరే ఉంటారు: చిన్న రంగారావు, నారాయణబాబు. తెర పడిన తరువాత ముందు వరుసలోని ఆ పాప మళ్లీ ఏదైనా అడిగితే, ఈసారి చెప్పడానికి మా దగ్గర సమాధానం ఉంటుంది.