బంగ్లాకు దయ్యం ఎట్లా వచ్చింది

బనగానపల్లె నుంచి యాగంటికి పోయే దారిలో పాత బంగ్లా ఒకటి ఉంది. చుట్టూ బయలు, రాళ్లు, ఎండ. ఒకప్పుడు అది నవాబుల విడిది. ఇప్పుడు ఊళ్లో బస్సు దిగి నవాబు బంగ్లాకు దారేదని అడిగేవాళ్లు తక్కువ, అరుంధతి బంగ్లా అనే అడుగుతారు. యాగంటి బసవన్నను చూసుకుని తిరిగొచ్చే కుటుంబాలు ఇక్కడ ఆగుతాయి. ఫొటోలు దిగుతాయి. పశుపతి ఉండింది ఇక్కడేనని పిల్లలకు చెప్పి, వాళ్లు భయపడితే నవ్వుకుని పోతాయి.

ఆ పేరు తెచ్చింది ఒక్క సినిమా. 2009 జనవరి 16న విడుదలైన 'అరుంధతి'లో గద్వాల సంస్థానంవారి కోటగా మనం చూసింది ఈ బంగ్లానే. కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాత. జేజమ్మగా అనుష్క, పశుపతిగా సోనూ సూద్, ఆ పశుపతికి గొంతు రవిశంకర్‌ది. బతికుండగానే సమాధిలో మూతబడ్డ దుర్మార్గుడు తరాల తర్వాత, అదే ఇంట్లో, అదే పోలికతో పుట్టిన పిల్ల కోసం లేస్తాడు. పాడుబడిన కోట, సమాధి, చచ్చినా చావని దొర, అతని కన్నుపడిన ఆడపిల్ల. ఈ నాలుగూ కలిసిన కథ మన పల్లెల్లో పుట్టింది కాదు. చాలా దూరం నడిచి వచ్చింది. అది ఎక్కడ బయలుదేరిందో, మన గడ్డ మీద దాన్ని ఎవరు ఎదుర్కొన్నారో చెప్పాలనే ఈ ప్రయత్నం.

1764లో ఇంగ్లండులో హొరేస్ వాల్‌పోల్ అనే పెద్దింటి మనిషి 'ఒట్రాంటో కోట' అనే నవల అచ్చు వేయించాడు. పాత ఇటాలియన్ రాతప్రతికి అనువాదమని మొదట చెప్పి, మరుసటి ఏడు రెండో కూర్పులో తన పేరు ఒప్పుకుని, దానికి 'గోథిక్ కథ' అని పేరు తగిలించాడు. ఆ మాట అక్కడి నుంచి స్థిరపడింది. 1818లో మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్', 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' వచ్చాయి. స్టోకర్ ట్రాన్సిల్వేనియాలో ఏనాడూ అడుగుపెట్టలేదు. పుస్తకాలు చదివి, పటాలు చూసి ఆ కొండల్లో కోట కట్టాడు.

పుస్తకంలోని ఆ కోటకు తెర మీద రాయీ సున్నమూ ఇచ్చింది జర్మన్లు. 1922లో ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు'కు మూలం డ్రాక్యులానే. ప్రానా ఫిల్మ్ అనే ఆ కంపెనీ హక్కులు మాత్రం కొనలేదు. డ్రాక్యులాను ఓర్లాక్ దొరగా మార్చి, ఊళ్ల పేర్లు మార్చి తీసేసింది. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దావా వేసింది. ప్రతులన్నీ తగలబెట్టాలని 1925లో కోర్టు తీర్పు చెప్పింది. కొన్ని అప్పటికే దేశాలు దాటిపోయాయి కాబట్టి ఆ సినిమా మనకు మిగిలింది. ఓర్లాక్ ఉండే కోట సెట్టు కాదు, ఇప్పటి స్లొవేకియాలో కొండ కొమ్మున ఉన్న ఓరవ కోట. సూర్యకాంతి తగిలితే రక్తపిశాచి నశిస్తుందన్న నమ్మకం కూడా ఆ సినిమా పెట్టిందే. స్టోకర్ నవలలో దొర పగటిపూట కూడా తిరుగుతాడు. తెల్లవారేదాకా ఓర్లాక్‌ను తన దగ్గరే ఆపి, ప్రాణం ఒడ్డి వాణ్ణి అంతం చేసేది ఎలెన్ అనే ఇల్లాలు. పిమ్మట 1931 ఒక్క ఏడాదిలోనే హాలీవుడ్‌లో యూనివర్సల్ కంపెనీ బేలా లుగోసితో 'డ్రాక్యులా', బోరిస్ కార్లాఫ్‌తో 'ఫ్రాంకెన్‌స్టైన్' తీసి ప్రపంచమంతా తిప్పింది.

అవి తిరుగుతున్న రోజుల్లోనే మన సినిమాకు మాట వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. సగం మనిషి, సగం సింహం. స్తంభం చీల్చుకుని వచ్చి, గడప మీద రాజును పడేసి పొట్ట చీలుస్తుంది. కథగా చూస్తే ఇంతకంటే భయానకమైంది డ్రాక్యులాలో కూడా లేదు. అయినా తెలుగువాడు దాన్ని భయంగా చూడడు. చేతులు జోడిస్తాడు. ఆ స్తంభం ఇదేనని నల్లమలలో అహోబిలం ఎగువన ఉన్న కొండను చూపిస్తారు మా రాయలసీమవాళ్లు. ఉగ్రస్తంభం దాని పేరు. ఎక్కడం కష్టం, దిగడం ఇంకా కష్టం. అయినా ముసలివాళ్లు కూడా ఎక్కుతారు.

మన తెర మీద నిజంగా వెన్ను జలదరింపజేసినవాడు ఇంకో పంతొమ్మిదేళ్లకు వచ్చాడు. వాడే నేపాళ మాంత్రికుడు.

'పాతాళ భైరవి' 1951 మార్చి 15న వచ్చింది. డ్రాక్యులాకు నవల ఉన్నట్టే దీనికీ ఒక పుస్తకం ఉంది. మధిర సుబ్బన్న దీక్షితకవి పన్నెండు భాగాలుగా రాసిన 'కాశీ మజిలీ కథలు'. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరతాడు. తోడు రమ్మంటే గోపడనే పశులకాపరి కుర్రాడు ఒక షరతు పెడతాడు, మజిలీ మజిలీకీ కథ చెప్పాలని. దిగిన ప్రతి చోటా వాడికి ఏదో వింత కనబడుతుంది, దాని వెనుక కథ సిద్ధుడు విప్పుతాడు. గోథిక్ నవల ఒంటరిగా గదిలో దీపం కింద చదువుకునేది. మజిలీ కథ పగలంతా నడిచి అలసినవాడు ఇంకొకడి పక్కన కూర్చుని వినేది. భయం ఎక్కువైతే గోపడు ప్రశ్న వేస్తాడు, సిద్ధుడు జవాబిస్తాడు. మన భయానికి ఎప్పుడూ ఒక తోడు ఉంది. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ, నా దృష్టిలో అసలు సంగతి ఇదే.

ఆ కథల్లోంచి ఒక దారం లాగి, అల్లావుద్దీన్ అద్భుత దీపాన్ని దానికి ముడివేసి, పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ రాశాడు. తీసినవాళ్లలో ముఖ్యులు సీమ మనుషులు. నిర్మాత బి. నాగిరెడ్డి 1912లో కడప జిల్లా పొట్టింపాడులో పుట్టాడు. ఉల్లిగడ్డల ఎగుమతి చేసే ఇంటి నుంచి వచ్చి, అచ్చు యంత్రాలు నడిపి, చక్రపాణితో కలిసి 1947లో 'చందమామ' మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి పెట్టిన విజయా ప్రొడక్షన్స్‌కు 'షావుకారు' తర్వాత రెండో సినిమా ఇది. దర్శకుడు కె.వి. రెడ్డిది పక్కనే ఉన్న తాడిపత్రి. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా వేసిన పద్మనాభం పులివెందుల దగ్గర సింహాద్రిపురం పిల్లవాడు, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఇక ఎస్వీ రంగారావు. మాంత్రికుడు వేసేనాటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. గడ్డం పెట్టి, కనుబొమలు ఎగరేసి, మాటను సాగదీసి 'డింభకా' అన్నాడు. సంస్కృతంలో పిల్లవాడు అనే అర్థమున్న ఆ మాట అటు తర్వాత ప్రతి తెలుగు వీధిలో వినబడింది. లుగోసి డ్రాక్యులా గొంతు తగ్గించి మాట్లాడితే, రంగారావు మాంత్రికుడు ఆరగిస్తున్నట్టు మాట్లాడతాడు. లోకాన్నంతా రుచి చూస్తున్న మనిషి ముఖం అది. వాడికి కావలసింది రక్తం కాదు. సాహసి అయిన ఒక యువకుణ్ణి బలి ఇచ్చి పాతాళ భైరవి ప్రతిమను దక్కించుకోవాలి. అందుకు ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముణ్ణి ఎంచుకుంటాడు. రాకుమారిని పెళ్లాడాలంటే రాజుకు సరితూగే సంపద తెమ్మన్నారు కాబట్టి రాముడూ వాడి వెంట పోతాడు. ఆశే వల. బలి ఇచ్చేవాడిదీ ఆశే, బలి కాబోయేవాడిదీ ఆశే.

గుహ ఘట్టం మళ్లీ చూడండి. మార్కస్ బార్‌ట్లే కెమెరా, గోఖలే, కళాధర్‌ల కళ. ఆకాశమంత విగ్రహం ముందు మనుషులు చీమలంతగా ఉంటారు. నీడ వెలుతురును తినేస్తుంటుంది. మూర్నౌ సినిమాలో నీడ గోడ మీద పాకి మెట్లెక్కితే, ఇక్కడ నీడ గుహంతా నిండి మనుషులను తనలోకి లాక్కుంటుంది. ఇదంతా మద్రాసులో వేసిన సెట్టు. అయినా మావాళ్లకు పాతాళం అనే మాట ఊరికే ఊహ కాదు. తాడిపత్రికి ఎంతో దూరం లేని కొలిమిగుండ్ల మండలంలో, బయటికి మామూలు చేనులా కనబడే నేల కింద బెలూం గుహలున్నాయి. 3,229 మీటర్ల పొడవు. బాగా లోతున, నేలమట్టానికి సుమారు 150 అడుగుల కింద, నీరు కనబడే చోటుకు పాతాళగంగ అని పేరు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటి గురించి రాశాడు. ఆ గుహకూ ఈ సినిమాకూ ముడి ఉందని నేను చెప్పడం లేదు. నాగలి కింద పాతాళం ఉండే సీమలో పెరిగినవాళ్లకు ఆ మాట బరువు తెలుసునంటున్నాను, అంతే.

రాముడు మోసం తెలుసుకుని మాంత్రికుడి తలనే తెగవేస్తాడు. కథ అయిపోవాలి. అవదు. సదాజపుడు సంజీవని తెచ్చి గురువును బతికిస్తాడు. చచ్చి లేచినవాడు రాకుమారిని ఎత్తుకుపోతాడు. ఇక్కడ మన కథ డ్రాక్యులాకు బాగా దగ్గరగా వస్తుంది, వెంటనే పక్కకు తప్పుకుంటుంది. మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉంది. రాముడి స్నేహితుడు అంజి శిష్యుడి వేషంలో వచ్చి, రాకుమారి మెచ్చాలంటే గడ్డం తీయాలని నచ్చజెబుతాడు. గుండెలో మేకు దిగదు, మంగలికత్తి పడుతుంది, అంతే. పిల్లలు కేరింతలు కొడతారు. భయాన్ని నవ్వుతో గొరగడం మన జానపదం నేర్పిన విద్య. 1952లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ సినిమా వేశారు.

మరి ఇంత గట్టి మాంత్రికుడు ఉండగా కోటా సమాధీ ఉన్న కథ మన దగ్గరికి రావడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? నాకు రెండు కారణాలు కనబడుతున్నాయి.

మొదటిది, ఈ నేలలో సమాధి భయపెట్టదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కడప జిల్లా కందిమల్లయపల్లెలో జీవసమాధి అయ్యాడు, ఆ ఊరే బ్రహ్మంగారి మఠం. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావనంలో ప్రవేశించాడు. కడప పెద్ద దర్గాకు ఏ మతంవాళ్లయినా చాదర్ తీసుకుపోతారు. గాలి సోకిందనుకున్న పిల్లను, చెడుపు చేశారనుకున్న మనిషిని నయం కావాలని సమాధి దగ్గరికే తీసుకుపోతారు. పాశ్చాత్య కథలో దయ్యం లేచే చోటు మావాళ్లకు దయ్యాన్ని దించే చోటు. అలాంటిచోట గోథిక్ కథ చెప్పాలంటే సమాధినే తిరగేయాలి. 'అరుంధతి' చేసిన గట్టి పని ఇదే. లోపల ఉన్నవాడు స్వామి కాదు, పశుపతి. బ్రహ్మంగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని చెప్పుకునే ఊళ్లోనే ఆ తలకిందుల సమాధి కథను చిత్రించడం ఎవరూ లెక్కవేసి చేసింది కాకపోవచ్చు. నాకు మాత్రం ఆ రెండూ ఒకచోట కలవడం మరపురాదు.

రెండోది, కోట భయపెట్టాలంటే కోటలో దొర పోవాలి. బనగానపల్లె 255 చదరపు మైళ్ల చిన్న సంస్థానం, చుట్టూ బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ, నడుమ నవాబు. 1948లో అది కర్నూలు జిల్లాలో కలిసింది. 1951 నాటికి సంస్థానాలు పోయి మూడేళ్లే. దివాణాల్లో ఇంకా పొయ్యి రాజుతూనే ఉంది. అధికారం అప్పటికి జ్ఞాపకం కాలేదు. వాటి గోడలు పెళ్లలు రాలి, తలుపులు ఊడి, పేరు తెలియనివాళ్లు ఆ గదుల్లో తిరిగే కాలానికి గాని, ఇక్కడ చచ్చినా చావని ఆశ ఒకటి ఉందేమో అన్న కథకు చోటు దొరకలేదు. వాల్‌పోల్ నాటి ఇంగ్లండుకూ కోటల కాలం గతమే.

ఇంత చేసినా మన గోథిక్ తన ఆయుధాన్ని పురాణం నుంచే తెచ్చుకుంది. జేజమ్మ ప్రాణం విడిచి, తన ఎముకలు పశుపతిని చంపే కత్తి కావాలని కోరుకుంటుంది. దధీచి మహర్షి ఎముకలతో ఇంద్రుడికి వజ్రాయుధం చేసిన కథ అది. ఎలెన్ త్యాగం కూడా అక్కడ కనబడుతుంది గానీ, మా అవ్వలకు అర్థమైంది మాత్రం దధీచే.

బనగానపల్లె ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. బంగ్లా చూడటానికి పోయినవాళ్లు, అక్కడికి దగ్గరే, అదే పూట రవ్వలకొండ గుహ కూడా చూసి రండి. ఇంటికొచ్చాక ఒక రాత్రి దీపాలార్పి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని 'పాతాళ భైరవి' గుహ ఘట్టం పెట్టండి. వాళ్లు భయపడితే, గోపడికి మణిసిద్ధుడు చెప్పినట్టు, పక్కనే ఉండి కథ చెప్పండి.