శాసనము చెప్పని కథ

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల నుండి కీసరగుట్టకు పోవు యాత్రికులు పలువురు శివదర్శనము చేసికొని మరలుదురు. ఆ గుట్టమీదనే విష్ణుకుండినుల కాలమునాటి ఇటుక కట్టడములు, కోటగోడల ఆనవాళ్లు త్రవ్వకములలో బయల్పడినవి. ఆ వంశమునకు చెందిన మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసినట్లు శాసనములు చెప్పుచున్నవి. కాని ఆ గోడపై రాత్రి కావలి కాచిన భటుడు దేనికి భయపడెనో, ఎవరిని తలచుకొనెనో ఏ శాసనమును చెప్పదు. ఆ మౌనమును పూరించు పని నవలాకారునిది.

చరిత్ర యనగానే తేదీల పట్టికయని వెనుదీయువారికి మేము మూడు తెలుగు నవలలను సూచింతుము. మొదటిది అడవి బాపిరాజుగారి 'హిమబిందు'. శాతవాహనుల కాలపు ధాన్యకటకమున వర్తకుని కుమార్తె హిమబిందు, శిల్పి సువర్ణశ్రీ కథ యది. రాజ్యతంత్రము ఇంటి గడప లోపలికి ఎట్లు ప్రవేశించునో అందు చూడవచ్చును.

రెండవది ఆయనదే 'గోన గన్నారెడ్డి'. 1940 దశకమున హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకులుగా నుండిన బాపిరాజుగారు, పైకి గజదొంగగా తిరుగుచు లోలోపల రుద్రమదేవికి అండయగు వీరుని ఇందు చిత్రించిరి. దొంగవేషము కల్పనము కావచ్చును గాని గన్నారెడ్డి చరిత్రపురుషుడే. 1294 నాటి రాయచూరు కోట శాసనమున ఆతని పేరు కలదు.

మూడవది నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి' (1951). ఒకే రాణిని ఇరువురు రచయితలు ఎట్లు దర్శించిరో పోల్చి చదువుటలో ప్రత్యేకమైన ఆనందమున్నది.

అయితే నవలను నమ్మి చరిత్రను మూసివేయరాదు. రుద్రమదేవి 1295 ప్రాంతము వరకు పాలించినదని చిరకాలము భావించిరి. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము ఆ అభిప్రాయమును మార్చినది. 1289 నవంబరు 27 నాటి ఆ శాసనమున రాణియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరని యున్నది. తిరుగుబాటుచేసిన కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధముననే వారు మరణించి యుందురని చరిత్రకారుల ఊహ. నవలలు వెలువడిన పిమ్మటనే పండితలోకమునకు తెలిసిన ఈ సంగతిని నవలాకారులు ఎరుగకుండుట వారి దోషము కాదు. తెలిసికొనుట మాత్రము మన విధి.

చందుపట్లలో ఆ శాసనమును వేయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు. ఆ సేనానికి సేవకుడైన పువ్వుల ముమ్మడి. తన ప్రభువునకును, రాణికిని పుణ్యము కలుగవలెనని భూమిని దానము చేసెను. ఆ దానమును శిల దాచినది. దాని వెనుకనున్న దుఃఖమును దాచలేదు. చారిత్రక నవల మనకు అవసరమగునది అచ్చటనే. ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒకరు చదువగా తక్కినవారు వినదగిన గ్రంథములివి. 'ఇది నిజముగా జరిగినదా?' యని పిల్లలు నడుమ ప్రశ్నించినచో విసుగుకొనకుడు. ఆ ప్రశ్నతోనే వారికి చరిత్ర ప్రారంభమగుచున్నది.