ధనుష్కోటి రేవు – బోటు మెయిలు

దక్షిణదేశయాత్ర చేసిన వృద్ధులకు ధనుష్కోటి యను పేరు వినగనే స్ఫురించునవి రెండు: సేతుస్నానము, బోటు మెయిలు. మొదటిది పురాణప్రసిద్ధము. రెండవదానిని గూర్చి లోకమున వ్యాపించిన మాటలలో సత్యముతోపాటు కల్పనయు కొంత చేరియున్నది. స్టేషను పోయినది, ఓడ పోయినది, పేరు మాత్రము మిగిలినది. ఇట్టిచోట కథ పెరుగుట సహజము. కావున ఏది యెప్పుడు, ఏ కారణమున పోయినదో విడదీసి చూడవలసియున్నది.

మొదట పేరు. 'ధనుస్' శబ్దము 'కోటి' శబ్దముతో సమసించినపుడు సకారస్థానమున వచ్చు విసర్గము నిత్యముగా షకారమగును. అష్టాధ్యాయి యెనిమిదవ యధ్యాయము మూడవ పాదమున నిది విహితము. కావున 'ధనుష్కోటి'యే సాధువు. కోటి యనగా నిచ్చట సంఖ్య గాదు, వింటికొన. విభీషణుని ప్రార్థనమున శ్రీరాముడు వింటికొనతో సేతువును భేదించెనను కథ యీ పేరునకు మూలమని చెప్పుదురు. అరవలిపిలో ట-డలకు వేర్వేరు వర్ణములు లేవు. అచ్చుల నడిమి టకారమును వారు డకారముగా పలుకుదురు. ఆంగ్లేయులు చెవికి సోకినట్లు వ్రాసికొనిరి. రైల్వే పట్టికలలోని 'ధనుష్కోడి' యిట్లు పుట్టినది. దానిని చూచి తెలుగువారును డకారముతో వ్రాయుట యనుకరణీయము గాదు.

'బోటు మెయిలు' అను మాట విన్నవారిలో కొందఱు బండియే పడవ నెక్కి సముద్రము దాటెడిదని తలంచిరి. పడవను గలసికొనుటకై పోవు మెయిలు అని మధ్యమపదలోపముగా దానిని గ్రహింపవలెను. దక్షిణహిందూదేశపు రైలుకంపెనీవారి యీ మార్గము మీటరుగేజిది. సింహళమందలి ప్రధానమార్గములు ఐదడుగుల ఆఱంగుళముల వెడల్పు గలవి. పెట్టెల నోడపై దాటించినను అవతలి పట్టాలపై అవి నడువనేరవు. కాబట్టి ప్రయాణికుడు రేవున దిగి, ఓడ యెక్కి, తలైమన్నారున మరల బండి నెక్కవలసినదే. అయినను చెన్నపురి ఎగ్మూరులో కొన్న టిక్కెట్టు కొలంబో వఱకు చెల్లెడిది. ఈ బండి గొప్పయంతయు వేగమున గాక ఆ యొక్క టిక్కెట్టునందే యుండెను.

ఈ బండి మొదటినుండియు ధనుష్కోటికే పోయెడిదనుట మఱియొక భ్రమ. 1876లో రైలు తూత్తుకుడిని చేరినది. అచ్చటినుండి కొలంబోకు పోవు ఓడలో రాత్రియంతయు సముద్రముపై గడపవలసియుండెడిది. 1914 ఫిబ్రవరి 24న పాంబను వంతెన తెరువబడిన పిమ్మటనే మార్గము ధనుష్కోటివైపు తిరిగినది. సముద్రయానము కొద్దిగంటలకు తగ్గినది. రెండు కిలోమీటర్లకు మించిన యా వంతెన నడుమ షెర్జరు అను నతని పద్ధతి ననుసరించి కట్టిన రెండు రెక్కలుండెను. ఓడ వచ్చినపుడు మనుష్యులే చేతితో త్రిప్పి వానిని మీదికి లేపెడివారు. 'ఇర్విన్', 'గోషెన్' అను పొగయోడల పేళ్లు ఆ కాలపు ప్రయాణికుల నోళ్లలో చిరకాలము నిలిచినవి. ఆ దినములలో పాంబనునుండి ధనుష్కోటికి పోవునదే ప్రధానమార్గము. రామేశ్వరము శాఖామార్గపు స్టేషను మాత్రమే.

కాశీరామేశ్వరయాత్ర చేయు ఆంధ్రులకు ఈ బండి తీర్థసాధనము. గంగను దెచ్చి రామేశ్వరమున నభిషేకము చేయుటయు, సేతువునందలి యిసుకను గొనిపోయి ప్రయాగలో కలుపుటయు సంప్రదాయము. పూర్వము నెలలతరబడి నడచినవారికి సాధ్యమైన యా పుణ్యము రైలుచే సామాన్యగృహస్థునకును సులభమయ్యెను.

అయితే ఈ దారిని యాత్రికులును దొరలును మాత్రమే నడచిరనుకొనరాదు. సింహళపు తేయాకు తోటలకు పోవు కూలివారును ఈ మార్గముననే పోయిరి. సింహళప్రభుత్వమువారు వంతెన కివతల మండపమున శిబిరమును నెలకొల్పి, వారిని అంటురోగపరీక్షకై కొన్నిదినములు నిలిపెడివారు. ఓడమీది సుఖభోజనమును గూర్చిన జ్ఞాపకములు వ్రాతకెక్కినంతగా ఆ శిబిరపు జ్ఞాపకము లెక్కలేదు. పోయినదానికై వగచువారు దీనిని మఱవరాదు.

ఇక తుఫాను. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి యుప్పెన ధనుష్కోటిని ముంచివైచినది. బోటు మెయిలే సముద్రమున గలసినదని పలువురు చెప్పుదురు; అది సత్యము గాదు. మునిగినది పాంబనునుండి ధనుష్కోటికి పోవు 653 సంఖ్య గల పాసింజరు. అందలివారు నూరుమందికి పైగా మరణించిరి. పాంబను వంతెన దూలములలో పెక్కు కొట్టుకొనిపోయినను నడిమి రెక్కలు నిలిచినవి, ఇ. శ్రీధరన్ అను నింజనీరు ఆధిపత్యమున నలువదియాఱు దినములలో వంతెన మరల నిలిపిరి. ధనుష్కోటి మాత్రము నివాసయోగ్యము గాదని ప్రభుత్వమువారు నిర్ణయించిరి.

అంతటితో బోటు మెయిలు పని తీరినదా? తీరలేదు. ఓడ రామేశ్వరమునుండి నడువసాగెను. 'రామానుజం' అను నోడ యా మార్గమున తిరిగినది. తుఫానునకు రెండునెలలైన నిండకముందే, 1964 అక్టోబరు 30న, ఇండియాకును సింహళమునకును ఒడంబడిక జరిగి, 5,25,000 మంది తోటకూలీలు ఇండియాకు మరలవలసినవారుగా నిర్ణయింపబడిరి. వారిలో పెక్కురీ యోడలోనే వచ్చి, తాతలు పరీక్షకై నిలిచిన మండపముననే మరల దిగిరి. ఆ పనికే మిక్కిలి యుపయోగపడిన యోడ 1980ల నడుమ సింహళమున కలహములు చెలరేగుటతో నాగిపోయెను. తలైమన్నారు రైలుమార్గము 1990లో యుద్ధమున నశించి, 2015లో మరల తెరువబడినది; ఓడ మాత్రము దానిని గలియుటకు రాలేదు. కాబట్టి రెండుదేశముల కూర్పును తెంచినది సముద్రము గాదు. సముద్రము తెంచినదానిని కొన్ని మైళ్ల వెనుకకు జరిపి మనుష్యులు నడపుకొనిరి. మనుష్యులు తెంచినదానిని కూర్చువారు లేకపోయిరి.

తక్కినది వేగముగ చెప్పదగినది. 2007లో మీటరుగేజి పోయి పెద్దగేజి వచ్చినది. పాత వంతెనమీద 2022 డిసెంబరున బండ్లు నిలిచినవి. ప్రక్కన కట్టిన క్రొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న తెరువబడినది. దాని నడిమిభాగము రెక్కలవలె విప్పుకొనదు, నిలువున పైకి లేచును. ధనుష్కోటికి మరల పట్టాలు వేయుటకై 2019 మార్చిలో శంకుస్థాపన జరిగినను పని సాగలేదు. చెన్నపురినుండి రామేశ్వరమునకు పోవు రాత్రిబండిని జనులు నేటికిని బోటు మెయిలనియే పిలుచుచున్నారు. ధనుష్కోటి యిసుకలో పాత స్టేషను గోడలు కొన్ని నిలిచియున్నవి. వాని ప్రక్కనుండి అరిచల్‌మునై వఱకు వేసిన బాటమీద మోటారుబండ్లు పోవుచున్నవి.