డార్మిటరీల కథ: జవాబు చెప్పేదెవరు?

సర్కారు పని నత్తనడక, ప్రైవేటు పని చకచకా అని మన ఊళ్ళలో తరచూ వింటాం. ఆర్టీసీ బస్సు దగ్గర మొదలైన ఈ వాదన ఆసుపత్రి, బడి దాకా సాగుతుంది. సింగపూర్‌లో మనం తలదాచుకునే డార్మిటరీల చరిత్ర చూస్తే మరో ప్రశ్న ఎదురవుతుంది: తప్పు జరిగితే అడిగేదెవరు, జవాబు చెప్పేదెవరు?

ఇక్కడి పెద్ద డార్మిటరీలలో చాలావాటిని నడిపేది ప్రైవేటు సంస్థలు. వేలమందికి త్వరగా వసతి చూపడంలో అవి సమర్థంగానే పనిచేశాయి. కానీ ఒక మెలిక ఉంది. హోటల్లో భోజనం బాగోకపోతే మనం మరో హోటల్‌కు వెళతాం. డార్మిటరీని ఎంచుకుని అద్దె కట్టేది సాధారణంగా యజమాని. అందులో పడుకునేది కార్మికుడు. కాబట్టి సంస్థల మధ్య పోటీ ఉన్నా, గదిలోని ఇరుకు దానంతట అది తగ్గదు.

అలాంటప్పుడు అడగవలసింది ప్రభుత్వమే. 1,000 అంతకు మించి మంచాలున్న డార్మిటరీలకు లైసెన్సు తప్పనిసరి చేసిన చట్టం 2016 జనవరి 1న అమల్లోకి వచ్చింది. చిన్న వసతులు దాని పరిధిలోకి రాలేదు. పెద్దవాటిలోనూ ఏటా దాదాపు సగం మంది నిర్వాహకులు షరతులు ఉల్లంఘిస్తున్నారని 2020 మేలో అప్పటి మానవ వనరుల మంత్రి జోసెఫిన్ టియో పార్లమెంటుకు తెలిపారు.

అప్పటికే కొవిడ్ డార్మిటరీలను చుట్టుముట్టింది. ఆ డిసెంబరు నాటికి అక్కడుండే కార్మికుల్లో 47 శాతం మందికి వైరస్ సోకిందని ప్రభుత్వమే లెక్క చెప్పింది. కొందరిని ఖాళీ హెచ్‌డీబీ ఫ్లాట్లకు, సైనిక శిబిరాలకు తరలించిందీ ఆ ప్రభుత్వమే. అంటే సత్తా లేక కాదు, ముందే గట్టిగా అడగకపోవడం వల్లే ముప్పు పెరిగింది.

ఆ తర్వాత నిబంధనలు మారాయి. కొత్తగా కట్టేవాటిలో గదికి 12 మందికి మించరాదని, ఒక్కొక్కరికి కనీసం 4.2 చదరపు మీటర్ల చోటుండాలని 2021 సెప్టెంబరులో ప్రకటించారు. 2023 ఏప్రిల్ నుంచి 7 మంచాలున్న వసతి కూడా చట్టం కిందికి వచ్చింది. పాత డార్మిటరీలు మాత్రం 2027 నుంచి దశలవారీగా మారాలి. ప్రభుత్వం సొంత డార్మిటరీల నిర్మాణానికీ పూనుకుంది.

సర్కారుదా, ప్రైవేటుదా అన్నది బోర్డు మీది పేరు మాత్రమే. తనిఖీ చేసే అధికారి, ఫిర్యాదు వినే చెవి, తప్పుకు శిక్ష, ఈ మూడూ ఉన్నచోటే జవాబుదారీతనం ఉంటుంది. సోదరులారా, మీ గదికి వర్తించే లెక్క తెలుసుకోండి. తేడా ఉంటే కార్మిక శాఖకో, మైగ్రంట్ వర్కర్స్ సెంటర్‌కో చెప్పండి. అడిగేవాడు లేకపోతే ఎవరి నిర్వహణైనా ఒక్కటే.